ఆఫ్ స్టంప్ అవతల ఆరు సెంట్లు

టెస్టు క్రికెట్‌లో ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ డాన్ బ్రాడ్‌మన్ సగటు 99.94. ఆయన పేరు పెట్టుకున్న వీడియో గేమ్‌లో నా సగటు చాలాకాలం పాయింటుకి కుడి పక్కనే కాపురముంది.

ఆటను తప్పు పట్టడానికి లేదు. మెల్‌బోర్న్‌లోని బిగ్ యాంట్ స్టూడియోస్ వాళ్ళు 2014లో డాన్ బ్రాడ్‌మన్ క్రికెట్ 14 పేరుతో దీన్ని తెచ్చినప్పుడే, ఇందులో బ్యాటింగ్‌కి ఓపిక కావాలని ఆడినవాళ్ళు మొత్తుకున్నారు. నేను వినకపోవడానికి కారణం ఉంది. నేను నెట్ సెంటర్ వీరుణ్ణి. ఈఏ వాళ్ళ క్రికెట్ 07 రోజుల్లో కీబోర్డు మీద అక్షరాలు చెరిగిపోయేదాకా ఆడినవాణ్ణి. బంతి ఎక్కడ పడబోతోందో అందులో పిచ్ మీద ముందే గుర్తు కనబడేది. అది చూసుకుని తీరిగ్గా ముందుకొచ్చి మీట నొక్కితే సిక్సరు. రిచీ బెనో వ్యాఖ్యానం చెబుతుండగా ఐదు ఓవర్లలో వందా నూటయాభై బాదేసి, గంట అయిపోయిందని సెంటర్ కుర్రాడు లేపితే నాటౌట్‌గా ఇంటికొచ్చేవాణ్ణి.

ఇన్నేళ్ళ తర్వాత మా మేనల్లుడు హాస్టల్‌కి పోతూ వాడి పాత ప్లేస్టేషన్‌ని మా హాల్లో వదిలి వెళ్ళాడు. "మావయ్యా, ఇది నీకు కష్టం" అని కూడా అన్నాడు. ఆ మాట అనకుండా ఉంటే ఇదంతా జరిగేది కాదు.

ఇందులో బంతి పడే చోట గుర్తూ గిర్తూ ఏమీ ఉండదు. బౌలర్ చేతిలోంచి వచ్చిన బంతిని కళ్ళతో చూసి కనిపెట్టాలి. ఎడమ బొటనవేలు కాళ్ళను నడపాలి, కుడి బొటనవేలు బ్యాటు తిప్పాలి. ముందుకు అడుగెయ్యాలో వెనక్కి జరగాలో ఎడమది తేల్చాలి, ఎటు కొట్టాలో కుడిది తేల్చాలి, అదీ ఇద్దరూ కూడబలుక్కున్నట్టు. నా రెండు బొటనవేళ్ళకీ చిన్నప్పట్నుంచీ మాటల్లేవని అప్పుడే తెలిసింది. ఎడమది ముందుకి పొమ్మంటే కుడిది పుల్ షాట్‌కి పోయేది. తెర మీద నా ఆటగాడు ఒక కాలు విజయవాడలో, ఇంకో కాలు గుంటూరులో పెట్టినట్టు నిలబడి, బంతి వెళ్ళిపోయాక బ్యాటు ఊపి, విరిగిన స్టంపుల వైపు వింతగా చూసేవాడు.

కెరీర్ మోడ్ అని ఒకటుంది. అందులో జట్టంతా మనది కాదు, మనిషొక్కడే మనవాడు. వాడు ఔటైతే మళ్ళీ ఇన్నింగ్స్ వచ్చేదాకా మనకి పనిలేదు. ఆ రోజుల్లో మా ఇంట్లో నాకు దొరికినంత ఖాళీ ఇంకెవరికీ దొరకలేదు. కూరగాయలు తరిగాను, ఫ్యాన్లు తుడిచాను. మా ఆవిడ మొదట్లో సణిగినా, నేను ఎంత త్వరగా ఔటైతే అంత పని అవుతోందని గ్రహించి ఊరుకుంది.

మా అమ్మకి మాత్రం బాధగా ఉండేది. వంటింట్లోంచే చెవి ఇటు వేసి, స్టంపులు ఎగిరిన చప్పుడు వినబడగానే "పోయాడా?" అనేది. "పోయాడమ్మా" అనేవాణ్ణి. "పాపం, ఇప్పుడేగా వచ్చాడు" అని నిట్టూర్చి పోపు పెట్టుకునేది.

హాస్టల్‌కి ఫోన్ చేశాను. వాడు పెద్ద డాక్టర్లా ఒకటే ప్రశ్న అడిగాడు. "టీవీ గేమ్ మోడ్‌లో ఉందా?"

ఇప్పటి టీవీలు వచ్చిన బొమ్మను వచ్చినట్టు చూపించవట. రంగులు అద్ది, గీతలు దిద్ది, మెరుగుపెట్టి అప్పుడు మనకి చూపిస్తాయట. సినిమాకైతే ఆ ఆలస్యం తెలియదు. గంటకి 140 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి బ్యాటు దాకా రావడానికి అర సెకను కూడా పట్టదు. అందులోంచి టీవీ అలంకారానికి కొంత పోతే నాకు మిగిలేది బంతి జ్ఞాపకమే. గేమ్ మోడ్ పెడితే ఈ మెరుగులన్నీ మానేసి వచ్చింది వచ్చినట్టు చూపిస్తుంది. పెట్టాను. ఆ సాయంత్రమే బంతి బ్యాటుకి తగిలిన చప్పుడు విన్నాను. ఒకటి ఫోర్ కూడా పోయింది, నేను అనుకున్న వైపు కాకపోయినా.

తిరిగి మార్చడం మరిచిపోయాను. రాత్రి సీరియల్ టైముకి పక్క ఫ్లాట్ పిన్నిగారు వచ్చారు. ఆవిడ పుట్టిల్లు తెనాలి, మా అత్తవారిదీ తెనాలే, అందుకని మా ఇంటి విషయాలు ఆవిడకి సొంత విషయాలు. సీరియల్ మొదలైంది. మెరుగులు లేని కథానాయిక తెర మీదికొచ్చింది. బుగ్గల ఎరుపు లేదు, పట్టుచీర జరీ లేదు, మొహం పాలిపోయి ఉంది.

"పిల్లకి ఏదో అయింది వదినా" అంది మా అమ్మ.

"కామెర్లు లాగుంది. ఆ తోడికోడలు పాలల్లో ఏదో కలిపుంటుంది, నిన్ననే అనుకున్నా" అన్నారు పిన్నిగారు.

ఆ వారమంతా ఇద్దరూ ఆ పిల్ల ఆరోగ్యం గురించే మాట్లాడుకున్నారు. కథలో ఎవరూ డాక్టర్ని పిలవకపోవడం మీద మా అమ్మకి ఒళ్ళు మండింది. గేమ్ మోడ్ తీసేస్తే ఆ పిల్ల కోలుకుంటుందని నాకు తెలుసు. తీస్తే నేను మంచం పడతాను. ఊరుకున్నాను.

కాళ్ళూ బ్యాటూ ఒక దారికి వచ్చాక కొత్త జబ్బు పట్టుకుంది. స్లిప్‌లో క్యాచ్. ఆఫ్ స్టంప్‌కి జానెడు బయట బంతి పడటం, నేను బ్యాటు చాపడం, అంచు తీసుకోవడం, స్లిప్‌వాడు చేతులు దులుపుకోవడం. ఎప్పుడూ అదే.

"వదిలెయ్ మావయ్యా. స్టంపుల మీదికి రాని బంతితో నీకేం పని? బొటనవేలు కదపకు" అన్నాడు మేనల్లుడు.

చెప్పడం తేలికే. మా వీధిలో క్రికెట్ నేర్చుకున్నవాడెవడూ బంతిని వదలడు. బ్యాటింగ్ వచ్చేదే పొద్దుగూకే ముందు. ఆ కాసేపట్లో బంతిని వదిలేస్తే బౌలర్ ఏమీ అనడు, సొంత జట్టువాళ్ళే బ్యాటు లాక్కుంటారు. వైడ్ అయినా సరే పరిగెత్తుకెళ్ళి కొట్టాలి. గోడ దాటితే ఔట్, బంతి మురిక్కాలవలో పడితే కొట్టినవాడే తియ్యాలి. ఇలా పెరిగిన చేతిని, ఎదురుగా తియ్యగా పోతున్న బంతిని చూసి కదలకుండా ఉండమంటే ఎలా ఉంటుంది!

కానీ ఉన్నవాళ్ళున్నారు. మన కాకినాడలో పుట్టిన హనుమ విహారి 2021 జనవరిలో సిడ్నీలో తొడ కండరం పట్టేసినా అశ్విన్‌తో కలిసి చివరిదాకా నిలబడి టెస్టు డ్రా చేయించాడు. 161 బంతులాడి 23 నాటౌట్. ఆ రోజు నేను టీవీ ముందు కూర్చుని గర్వపడ్డాను గానీ, అదెంత కష్టమో నా బొటనవేలికి ఇప్పుడు తెలిసింది. అన్నట్టు బ్రాడ్‌మన్ చిన్నప్పుడు ఆస్ట్రేలియాలోని బౌరల్ ఊళ్ళో వాళ్ళింటి నీళ్ళ ట్యాంకు కింది ఇటుక కట్టడానికి గోల్ఫ్ బంతి విసిరి, తిరిగి వచ్చేదాన్ని స్టంపుతో కొట్టి నేర్చుకున్నాడట. ఆయన్ని వెనకనుంచి కూరగాయలు తరగమన్నవాళ్ళు ఉన్నారో లేదో!

నాకు నేను పైకి చెప్పుకుంటే తప్ప వేలు ఆగదని తేలింది. బంతి బంతికీ గట్టిగా "ముట్టుకోకు... పోనీ... అది మనది కాదు" అనుకుంటూ ఆడటం మొదలుపెట్టాను. పని చేసింది. ముప్పై దాటాను. ఒక ఆదివారం మధ్యాహ్నం మొదటిసారి యాభై దగ్గరికి వచ్చేశాను. సరిగ్గా అప్పుడే తెనాలి నుంచి మామయ్యగారు ఫోన్ చేశారు.

మామయ్యగారు రిటైరైన లెక్కల మేష్టారు. ఫోన్ ఎత్తకపోతే కారణం అడుగుతారు, కారణం చెబితే రుజువు అడుగుతారు. అందుకని స్పీకర్ పెట్టి సోఫా మీద పడేశాను.

"అల్లుడుగారూ, బైపాస్ పక్కన ఆరు సెంట్లు వస్తోందయ్యా. అడ్వాన్స్ ఇవ్వమని బ్రోకరు కూర్చున్నాడు. మీ మాట కూడా విందామని."

బౌలర్ పరుగెత్తుకొస్తున్నాడు. "వద్దు. ముట్టుకోవద్దు" అన్నాను.

"ధర తక్కువేనండీ."

బంతి ఆఫ్ స్టంప్ బయటినుంచి కీపర్ చేతుల్లోకి పోయింది. "అదే వాడి ఎత్తు. అందీ అందనట్టు వేసి ఊరిస్తున్నాడు."

కాసేపు నిశ్శబ్దం. "మీకు వాడు తెలుసా?"

"ఇందాకట్నుంచీ చూస్తున్నాగా. నాలుగు బయటికి వేస్తాడు, మనకి చెయ్యి దురద పుడుతుంది, అయిదోది లోపలికి తెస్తాడు. అంతే, దొరికిపోతాం."

"అమ్మ దొంగా!" అన్నారు మామయ్యగారు. గొంతు తగ్గించి, "మరేం చేద్దామంటారు?"

"ఏమీ చెయ్యకూడదు. అలా నిలబడాలి. అలిసిపోయి వాడే మన కాళ్ళ దగ్గరికి వస్తాడు, అప్పుడు చూసుకుందాం."

అలిసిపోయి కాళ్ళ దగ్గరికే వేశాడు. లెగ్ సైడ్ ఫోర్. యాభై. నేను "కొట్టాం!" అని అరిచేసరికి అటునుంచి ఫోన్ పెట్టేశారు.

నెల తిరక్కుండానే ఆ స్థలం మీద అన్నదమ్ముల తగాదా కోర్టులో ఉందని బయటపడింది. తెనాలిలో నా పేరు మోగిపోయింది. ముందు మామయ్యగారి తోడల్లుడు, తర్వాత ఆయన వియ్యంకుడు, ఆ తర్వాత నాకు వరస కూడా తెలియనివాళ్ళు ఫోన్లు చేసి స్థలాల గురించి సలహా అడగడం మొదలుపెట్టారు. ఎవరు ఏ దస్తావేజు గురించి అడిగినా నేను బ్యాటింగ్‌లోనే ఉండేవాణ్ణి. అందరికీ ఒకే జవాబు వెళ్ళింది. ఆ సీజన్లో మా అత్తవారి వైపు ఎవరూ గజం కూడా కొనలేదు.

చివరికి మామయ్యగారే లింకు డాక్యుమెంట్లూ ఈసీలూ సంచిలో వేసుకుని విజయవాడ వచ్చేశారు, ఇంకో స్థలం నాకు చూపిద్దామని. మా ఆవిడ తలుపు తీసిన సంగతి నేను గమనించలేదు. నలభైల్లో ఉన్నాను. నా వెనక కుర్చీలో ఆయన ఎంతసేపు కూర్చున్నారో తెలీదు. నేను "ముట్టుకోకు, ఊరిస్తున్నాడు, అయిదోది లోపలికి తెస్తాడు" అనుకుంటుంటే వెనకనుంచి చిన్న దగ్గు వినబడింది.

"అల్లుడుగారూ, బ్రోకరు ఇతనేనా?"

నేను తెర మీంచి కళ్ళు తిప్పలేదు. తిప్పే ధైర్యమూ లేదు, ఓవర్లో ఇంకా రెండు బంతులున్నాయి. ఆయన సంచి కింద పెట్టి కుర్చీ ముందుకు లాక్కున్నారు. కొంతసేపు చూసి, "కాలు బంతి దగ్గరికి పోవట్లేదు. మన హైదరాబాదు బ్యాట్స్‌మన్ జయసింహ ఇలా ఆడేవాడా?" అన్నారు. ఇంకొంతసేపు చూసి, "ఇలా ఇవ్వండి" అన్నారు.

ఏ బొటనవేలు దేనికో చెప్పాను. వదిలెయ్యాలని మరీ మరీ చెప్పాను. ఆయన తలూపి, కళ్ళజోడు సర్దుకుని, మొదటి బంతికే, జానెడు బయట పోతున్నదాన్ని, బ్యాటుకి ఎంత బలముందో అంతా పెట్టి ఊపారు. స్లిప్‌వాడు పెద్దగా కష్టపడలేదు.

"ఎవరు, పోయారా?" వంటింట్లోంచి మా అమ్మ.

"మామయ్యగారమ్మా! మొదటి దానికే పోయారు!"

"అయ్యో, ఇప్పుడేగా వచ్చారు! కాఫీ అయినా తాగలేదు."

అదే సమయానికి పిన్నిగారు మా గిన్నె తిరిగివ్వడానికి గుమ్మం దాకా వచ్చి ఉన్నారు. గిన్నె గుమ్మంలో చప్పుడు కాకుండా పెట్టి వెళ్ళిపోయారు. ఆ గిన్నె అక్కడ ఎందుకుందా అని మా ఆవిడ కాసేపు ఆశ్చర్యపడింది.

మామయ్యగారు మాత్రం తొణకలేదు. "బ్రాడ్‌మన్ అంతటివాడే 1948లో ఓవల్‌లో ఆఖరి ఇన్నింగ్స్‌లో ఇంగ్లండ్ బౌలర్ హోలీస్ వేసిన రెండో బంతికి సున్నాకి బౌల్డయ్యాడు. మొత్తం 6,996 పరుగులు, 70 సార్లు ఔట్. ఇంకో 4 కొట్టి ఉంటే 7,000. భాగించండి, ఎంతొస్తుంది?" అన్నారు. నూరు అన్నాను. "మరి! నేనెంత?" అని కంట్రోలర్ నాకివ్వకుండా ఒళ్ళోనే పెట్టుకున్నారు.

గంట గడిచింది. ఆయన ఫోన్ మోగింది. తెనాలి నుంచి తోడల్లుడుగారు. స్పీకర్లో గొంతు వణుకుతోంది. "అమ్మాయీ, నువ్వేనా? ఇప్పుడే తెలిసిందమ్మా, బావగారు మొదటి దానికే పోయారటగా... గుండేనా? మేం కారు మాట్లాడుకుని బయల్దేరుతున్నాం..."

మామయ్యగారు తెర మీంచి కళ్ళు తిప్పలేదు.

"అమ్మాయి కాదు, నేనే. అవునోయ్, పోయాను. స్లిప్‌లో క్యాచ్. వచ్చేటప్పుడు ఆ పచ్చ సంచిలో నా దూరం చూపు కళ్ళజోడుంది, పట్రా. ఉంటా, రెండో ఇన్నింగ్స్ మొదలైంది."