ఎత్తుకోమంటే ఎత్తుకోలేని రోజులు

కాలేయ మార్పిడి జరిగిన ఒక తల్లి గురించి ఓ వ్యాసం చదివాను. "మూడు నెలల్లో మామూలు మనిషైపోయింది" అని అందులో రాశారు. ఆ మామూలు అన్న మాట దగ్గరే ఆగిపోయాను. నాకూ అదే ఆపరేషన్ అయింది, అప్పటికి మా పాపకు ఏడాదిన్నర.

కుట్ల నొప్పి కంటే బరువులెత్తొద్దన్న నిబంధనే ఎక్కువ ఏడిపించింది. పాప రెండు చేతులూ పైకి చాచి నిలబడేది. నేను పొట్టకు దిండు అడ్డం పెట్టుకుని కింద కూర్చుని, "నువ్వే ఎక్కు" అనేదాన్ని. కొన్నాళ్లకు ఆ దిండు తనే ఈడ్చుకొచ్చేది.

మందుల సంగతి ఆ వ్యాసంలో ఒక్క వాక్యంతో తేల్చేశారు. కొత్త అవయవాన్ని శరీరం పరాయిదనుకుని తిప్పికొట్టకుండా టాక్రోలిమస్ లాంటివి రోజూ వేసుకోవాలి. నాకు 12 గంటలకోసారి. రక్తంలో ఆ మందు ఎంతుందో చూసే పరీక్ష ఉన్న రోజు, పొద్దున డోసు రక్తం ఇచ్చాకే. మొదట్లో ఆ మందు వల్ల చేతులు వణికి పాప గౌను గుండీలు పెట్టలేకపోయేదాన్ని. 1954లో బోస్టన్‌లో విజయవంతమైన తొలి కిడ్నీ మార్పిడి ఒకేలాంటి కవల సోదరుల మధ్య జరిగింది కాబట్టి ఈ మందుల గొడవ లేకపోయింది. అందరికీ కవలలుంటారా!

ఇంకోటి, భయపడి పిల్లల టీకాలు మానేయకండి. లైవ్ టీకాలు, అంటే బలహీనపరిచిన బతికున్న క్రిములతో చేసేవి, వద్దనేది సాధారణంగా మార్పిడి అయిన మనకే. పాపకు ఏది ఎప్పుడన్నది మేం డాక్టర్‌ని అడిగే వేయించాం. జలుబు మాత్రం బడి నుంచి తెస్తూనే ఉంటుంది, అప్పుడు మాస్కు పెట్టుకునే కథలు చెప్తాను.

దాత ఎవరో నాకు చెప్పలేదు. ఆ ఇంట్లోనూ చిన్నపిల్లలు ఉన్నారేమోనని రాత్రి మాత్ర మింగేటప్పుడు అనిపిస్తుంటుంది.