సవరణ: టీడీసీఎస్ అంటే షాక్ ట్రీట్‌మెంట్ కాదు
టీడీసీఎస్ (తల మీద ప్యాడ్లు పెట్టి మెదడుకు సన్నటి కరెంటు పంపే పద్ధతి) గురించిన మొన్నటి పోస్టులో "కరెంటు మెదడు కణాలను పనిచేయిస్తుంది" అన్న వాక్యాన్ని ఇలా చదువుకోండి: "కణాలు స్పందించే అవకాశాన్ని కాస్త పెంచుతుంది, లేదా తగ్గిస్తుంది."

కామెంట్లలో చాలామంది దీన్ని షాక్ ట్రీట్‌మెంట్ అనుకున్నారు. అందులో మత్తిచ్చి, వందల మిల్లీఆంపియర్లతో కావాలనే ఫిట్స్ తెప్పిస్తారు. టీడీసీఎస్‌లో వాడేది 1 నుంచి 2 మిల్లీఆంపియర్లే, సుమారు 20 నిమిషాలు. ఉప్పునీళ్లలో తడిపిన స్పాంజి ప్యాడ్లు తలకు కడతారు. మనిషి మెలకువగానే ఉంటాడు, ప్యాడ్ల కింద చిమచిమ, కొంచెం దురద. స్పాంజి ఆరిపోతే మాత్రం చర్మం కాలొచ్చు. ఆ కాస్త కరెంటులోనూ చాలావరకు నెత్తి చర్మం మీదుగానే పోతుంది!

2000లో జర్మనీలో నిట్షే, పౌలస్ అనే పరిశోధకులు ఈ కరెంటుతో చూపించిన మార్పు మెదడులో కదలికలను నడిపే భాగంలోనిది. దాన్ని చూపించి జ్ఞాపకశక్తి పెంచే హెడ్‌సెట్లు అమ్మేవాళ్లను నమ్మకండి.