వెన్ను, చెవి, నల్లా

మా ఊరు నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో ఉంది. దసరా సెలవులకు మేనత్త బిడ్డ వసంత వచ్చిందంటే నాన్నకూ ఆమెకూ ఒక పెద్ద వాదన పడాల్సిందే. ఈసారి ట్రాన్స్‌హ్యూమనిజం మీద పడింది. ఒంట్లోకి చిప్పులు ఎక్కించి, జన్యువులు దిద్ది, ముసలితనాన్నీ చావునూ వెనక్కి నెట్టి, మనిషి ఇప్పుడున్న మనిషిని దాటిపోవాలని చెప్పే ఆలోచన అది.

నాన్న రిటైరైన సైన్సు టీచరు. చిన్నప్పటి నుంచి ఫ్లోరైడ్ నీళ్లు తాగి వెన్ను వంగిపోయింది. మెడ పక్కకు తిరగదు, ఎవరితో మాట్లాడాలన్నా మనిషంతా తిరగాలి. వసంత నల్లగొండలో ఆడియాలజిస్టు. ఆపరేషన్ చేసి చెవి మిషన్ పెట్టిన పిల్లలకు వినడం, మాట్లాడడం నేర్పిస్తుంది. ముసలాయన వద్దంటాడు, చదువుకున్న పిల్ల కావాలంటుంది అనుకుంటారు ఎవరైనా. మా ఇంట్లో అది తిరగబడింది. నేను పల్లీలు ఒలుస్తూ విన్నది విన్నట్టు రాస్తున్నాను.

నాన్న: ముందే చెప్తున్నా బిడ్డా. ‘ప్రకృతికి విరుద్ధం’ అనే మాట ఈ వాకిట్లో వద్దు.

వసంత: నేనింకా నోరే తెరవలేదు మామా.

నాన్న: తెరిస్తే అదే అంటావు. నా వెన్ను చూడు. ఏ ఫ్యాక్టరీ చేసింది కాదు ఇది. మన నేల కింద ఉన్నది గ్రానైటు. అందులోని ఫ్లోరైడ్ కరిగి నీళ్లలోకి దిగింది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మేము దానికి ఎన్నో రెట్లున్న బోరు నీళ్లు తాగి పెరిగాం. అది ఎముకల్లో పేరుకుంది. ఎముకలను పట్టి ఉంచే పట్టీలు కూడా గట్టిపడి ఎముకల్లాగే అయినయి. అచ్చమైన ప్రకృతి, చుక్క కల్తీ లేదు.

వసంత: సరే, ఒప్పుకున్నా. ఆ మాట వాడను.

(వసంత ఇంత తొందరగా ఒప్పుకోవడం నేనెప్పుడూ చూడలేదు. నాన్న అప్పుడే జాగ్రత్త పడాల్సింది.)

నాన్న: హాల్డేన్ అని ఒక శాస్త్రవేత్త. పిల్లలు తల్లి కడుపు బయట పెరిగే రోజొస్తుందని 1923లోనే కేంబ్రిడ్జి ఉపన్యాసంలో చెప్పాడు. జీవశాస్త్రంలో ఏ కొత్త పనైనా మొదట్లో జనానికి వికారంగానే ఉంటుందన్నాడు. పాల సంగతే చూడు. ఇంకో జంతువు పొదుగు కింద చెంబు పెట్టి పిండుకుని తాగిన మొదటివాణ్ణి చూసి పక్కవాళ్లు ఎంత ఛీ కొట్టి ఉంటారు? ఇవాళ అవే పాలతో దేవుడికి అభిషేకం చేస్తున్నాం. ఆ హాల్డేన్ మన దేశానికొచ్చి 1961లో పౌరసత్వం తీసుకున్నాడు. 1964లో భువనేశ్వర్‌లో పోతే, ఆయన కోరిక ప్రకారం శరీరాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు.

వసంత: హాల్డేన్‌ను తెచ్చావు, మరి జూలియన్ హక్స్‌లీని ఎందుకు వదిలేశావు? ట్రాన్స్‌హ్యూమనిజం అన్న మాటకు పేరు తెచ్చింది ఆయనే, 1957లో రాసిన వ్యాసంతో. రెండేళ్లకు బ్రిటన్‌లో యుజెనిక్స్ సొసైటీకి అధ్యక్షుడయ్యాడు. మేలు రకం మనుషులు ఎక్కువ పుట్టాలి, తక్కువ రకం తగ్గాలి అనే సంఘం. ఎవరు తక్కువ రకమో చెప్పేది కూడా వాళ్లే. గార పళ్లు, వంకర కాళ్లు అని ఒకప్పుడు మీ ఊళ్లకు పిల్లనివ్వడానికే జనం వెనకాడారు కదా. ఆ సంఘం లిస్టు రాస్తే నువ్వు ఎక్కడ ఉండేవాడివి?

నాన్న: అడుగున. అందుకే కదా ఈ వెన్ను మార్చుకునే దారి కావాలంటున్నా! 2024 జనవరిలో, మెడ కింద ఏదీ కదలని ఒక మనిషి మెదడులో న్యూరాలింక్ అనే కంపెనీ వాళ్లు చిప్ పెట్టారు. వేలు కదపకుండా, ఉత్త ఆలోచనతోనే కంప్యూటర్‌లో చదరంగం ఆడాడు. ఆయన దగ్గరికి పోయి ‘ఇది నీతి కాదు నాయనా’ అను చూద్దాం.

వసంత: అనను. కానీ కొన్ని వారాలకే ఆ చిప్ తాలూకు సన్నటి దారాలు చాలావరకు మెదడులోంచి జారిపోయినయి. సాఫ్ట్‌వేర్ మార్చి సర్దారు కాబట్టి మళ్లీ ఆడాడు. నాకు చిప్ మీద కోపం లేదు మామా. సర్దేవాళ్లు లేని రోజు సంగతేంటని అడుగుతున్నా.

నాన్న: లేకపోవడమేంటి?

వసంత: ఆర్గస్ టూ అని ఒక మిషన్ వచ్చింది. చూపు పోయిన వాళ్లకు కంటి లోపల, రెటీనా మీద అతికించేది. 2013లో అమెరికా ప్రభుత్వం అనుమతించింది. ప్రపంచం మొత్తం మీద 350 మందికి పైగా పెట్టించుకున్నారు. చీకట్లో మెరుపుల్లాగా తలుపు గుమ్మమో, రోడ్డు మీది చారలో తెలిసేది. తర్వాత కంపెనీ డబ్బుల్లేక ఆ పని ఆపేసింది. మిషన్ కంట్లో ఉంది, బాగుచేసేవాడు లేడు. కొందరికి ఒకరోజు ఉన్నట్టుండి ఆగిపోయింది. ఒకే మనిషికి చూపు రెండోసారి పోవడం ఎట్లుంటదో ఆలోచించు.

(ఇక్కడ నాన్న ఏమీ అనలేదు. వసంత మాత్రం ఆగలేదు.)

వసంత: అంత దూరమెందుకు, నా దగ్గరికి దేవరకొండ వైపు నుంచి ఒక తల్లి వస్తది. పాపకు పుట్టుకతోనే వినబడదు. ప్రభుత్వ పథకం కింద ఆపరేషన్ చేశారు. చెవి లోపల ఒక భాగం, బయట వెనకవైపు ప్రాసెసర్, తలకు అయస్కాంతంతో అతుక్కునే కాయిల్. రెండేళ్లు నేర్పిస్తే ‘అమ్మా’ అన్నది. తర్వాత ‘బస్సు’ అన్నది, బస్సు దిగి వచ్చేది కాబట్టి. నాలుగో ఏడు ప్రాసెసర్ పోయింది. కంపెనీ వాళ్లను అడిగితే ఆ మోడల్ ఇప్పుడు రావట్లేదు, కొత్తది కొనండి అన్నారు. లక్షల్లో. ఆమె పత్తి చేనుకు కూలికి పోతది. పాప ఇప్పుడు బడిలో వెనక బెంచీలో కూర్చుని అందరి పెదవులూ చూస్తున్నది. అసలు వినకపోతే సైగల భాష నేర్పేవాళ్లం. ఇప్పుడు అటూ కాదు, ఇటూ కాదు.

నాన్న: అది కంపెనీ తప్పు, ప్రభుత్వం తప్పు. మిషన్‌ది కాదు.

వసంత: మిషన్ ఒంట్లోకి వచ్చాక వాటిని విడదీయలేం. సెల్‌ఫోన్ చెడిపోతే పక్కన పడేస్తాం. చెవిని ఎక్కడ పడేస్తాం? ‘నల్లగొండ టెక్నిక్’ ఏమైంది? పాఠంలో నువ్వే చెప్పేవాడివి.

నాన్న: చెప్పేవాణ్ణి. 1970లలో నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు తయారు చేశారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు నీళ్లలో కలిపితే ఫ్లోరైడ్ అడుక్కు దిగుతది. మన జిల్లా పేరు పెట్టుకుని టాంజానియా, ఇథియోపియా దాకా పోయింది.

వసంత: మన ఊరి ట్యాంకు?

నాన్న: తుప్పు పట్టింది. రోజూ కొలత ప్రకారం పటిక వేయాలి, అడుగున మడ్డి తీసి ఎక్కడో పారబోయాలి. ఆ పని చేసేవాడికి జీతం ఆగింది. వాడు ఆగాడు.

(ఈ జవాబు నాన్నే చెప్పుకోవడం నాకు నచ్చింది. వాదనలో ఓడిపోయేదైనా నిజం చెప్పడం ఆయన అలవాటు. టీచరుగా ఆయనకు మంచిపేరు వచ్చిందీ, ప్రమోషన్ ఆలస్యమైందీ అందుకే.)

వసంత: ఫ్లోరైడ్ మీద చివరికి ఏది గెలిచింది మామా? ఏ ఒక్కడి ఒంట్లోనూ ఏ మిషనూ పెట్టలేదు. 1996 పార్లమెంటు ఎన్నికల్లో, ఫ్లోరైడ్ లేని నీళ్ల కోసం పోరాడే జలసాధన సమితి పిలుపుతో నల్లగొండలో ఊరూరి నుంచి నామినేషన్లు వేశారు. 480 మంది అభ్యర్థులు! బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, ఎన్నిక వాయిదా పడింది. మా నాయన కూడా 500 డిపాజిట్ కట్టి నిలబడ్డాడు.

నాన్న: బావకు ఎన్ని ఓట్లు పడ్డయో అడగకు. మా అక్క కూడా వేయలేదు.

వసంత: ఆ ఏడాదే డిపాజిట్‌ను 10,000 చేశారు, ఇట్లాంటి వాళ్లు మళ్లీ నిలబడకుండా. అయినా కృష్ణ నీళ్లు వచ్చినయి. ఎన్నో ఏళ్లు పట్టింది, కానీ అందరికీ వచ్చినయి. ఎమ్మెల్యేకూ అదే పైపు, మనకూ అదే పైపు.

నాన్న: వచ్చినయి బిడ్డా. ఊళ్లో చిన్న పిల్లల పళ్లు తెల్లగా ఉన్నయి, చూస్తే సంతోషమే. కానీ వచ్చిన నీళ్లు నా వెన్నును వెనక్కి తిప్పవు కదా. పైపు రేపటి పిల్లలకు. నాకేది? ‘అందరికీ వచ్చేదాకా ఎవరికీ వద్దు’ అంటే నాలాంటి వాళ్లు ఆ లోపల పోతారు.

(దీనికి వసంత దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. నిజం చెప్పాలంటే నా దగ్గరా లేదు.)

వసంత: నీకు వద్దని నేననను. కానీ పుట్టబోయే వాళ్ల జన్యువులు దిద్దుతామంటే? 2018లో చైనాలో హె జియాన్‌కుయ్ పిండం దశలోనే జన్యువు మార్చి కవల ఆడపిల్లలను పుట్టించాడు, ఎయిడ్స్ రాకుండా చేస్తానని. మూడేళ్లు జైల్లో వేశారు. ఆ పిల్లలను ఎవరడిగారు?

నాన్న: నన్నెవరడిగారు? ‘ఒరే అబ్బాయ్, ఈ బోరు నీళ్లు తాగితే వంగిపోతావు, తాగుతావా’ అని?

వసంత: ఎవరూ అడగలేదు. నీకు ఇప్పటికీ కోపం దాని మీదనే. రేపు ఆ పిల్లలకూ అదే కోపం వస్తే?

నాన్న: ...మంచి దెబ్బ కొట్టావు. సరే, చావు మీదికి రా. ఒక 150 ఏళ్లు బతికితే ఎవరికి నష్టం? మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి 700 ఏళ్లంటారు. 2018లో చెదలు పడితే వందల సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు ఎవడైనా ‘చెట్టుకు ఆయుష్షు తీరింది, పోనీయండి’ అన్నాడా?

వసంత: మర్రిచెట్టు పేరు మీద పాసుబుక్ లేదు మామా. మా తాత 150 ఏళ్లు బతికితే ఆ మూడెకరాలు ఎప్పుడు పంచేది? నూట పాతికేళ్ల కొడుకు, నూరేళ్ల మనవడు, అందరూ తహసీల్దార్ ఆఫీసు మెట్ల మీదనే!

(నాన్న నవ్వితే వెన్ను నొప్పి పుడుతుంది. అయినా నవ్వాడు, కర్ర మీద ఆనుకుని చాలాసేపు.)

నాన్న: నవ్వించి తప్పించుకోకు. నీ పాపకు చెవి పెడితే వైద్యం. అదే చెవితో కుక్కకు వినబడేది కూడా మనిషికి వినిపిస్తే, అది అత్యాశా? గీత ఎక్కడ గీస్తావు?

వసంత: గీయలేను. కళ్లద్దాల దగ్గర గీయలేదు, పేస్‌మేకర్ దగ్గర గీయలేదు. ఇప్పుడెక్కడ గీస్తా? కానీ సికిల్ సెల్ అనే రక్తపు జబ్బుకు జన్యువు దిద్దే మందు 2023లో వచ్చింది. అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు. గీత నేను గీయకపోయినా ఆ ధర గీసింది. దానికి ఇవతల ఎవరున్నారో నీకు తెలుసు.

నాన్న: ఇవాళటి ధర అది. మొదటి సెల్‌ఫోన్లు ఊళ్లో ఒక్క కాంట్రాక్టరు దగ్గరే ఉండేవి. ఇప్పుడు మేకల కాపరి దగ్గరా ఉంది.

వసంత: ఫోన్ మాట మళ్లీ తెచ్చావు. ఆ ఫోన్‌కు బ్యాలెన్స్ అయిపోతే ఏమైతది?

“నల్లా వచ్చింది!” అమ్మ లోపల్నుంచి కేకేసింది. మా వీధికి పొద్దున కాసేపే వస్తుంది. వసంత రెండు బిందెలు అందుకుని లేచింది. నాన్న కర్ర ఊతంగా నిలబడి, ఒళ్లంతా మెల్లగా ఆమె వైపు తిప్పాడు.

నాన్న: ఆ దేవరకొండ పాప మిషన్... లక్షల్లో అన్నావు. ఎన్ని లక్షలు?

వసంత: ఎందుకు మామా?

నాన్న: లెక్క అడిగితే లెక్క చెప్పాలి.

వసంత: ముందు బిందె నిండనియ్యి, చెప్తా.