చావని మొక్క, వాడని పువ్వు

మా మిత్రులొకరి బల్ల మీదున్న చిన్న కాక్టస్ ఎనిమిది నెలల పాటు ఒకే ఒక్క పువ్వును పూస్తూ ఉండిపోయింది. ఆ పువ్వు రాలలేదు, వాడలేదు, దాని పక్కన రెండోది మొగ్గ తొడగలేదు. ఇంతటి నిలకడ గల పువ్వు గురించి నేనెక్కడా చదవలేదు కనుక, వచ్చి చూడవలసిందని ఆయన కబురు పెట్టిన రోజున కళ్లద్దాలు తుడుచుకుని, పరిశోధకుడికి ఉండవలసిన గాంభీర్యాన్ని ముఖానికి పులుముకుని బయలుదేరాను.

మొక్క ఒక పింగాణీ కప్పులో ఉంది. కప్పు అడుగున చిల్లు లేదు. మట్టి కనబడకుండా పైన పరచిన రంగు గులకరాళ్లు ఒకదానికొకటి జిగురుతో అతుక్కుని ఉండడం వల్ల, ఒక రాయిని గోటితో కదిపితే అన్నీ కలిసి ఒకే పెంకులా కదిలాయి. కప్పుకు కట్టిన చీటీ మీద ‘చావని మొక్క’ అని పెద్ద అక్షరాలతోను, ‘నెలకొక చెంచా నీళ్లు చాలు’ అని చిన్న అక్షరాలతోను రాసి ఉంది. ఇక నడినెత్తిన, టోపీ పెట్టినట్టుగా, గులాబీ రంగు పువ్వు. ఇటువంటి కప్పును ఎరగని పాఠకులు ఉండరనే నా నమ్మకం. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు దీన్ని మీ చేతిలో కూడా పెట్టి, మీరు సంతోషించేదాకా అక్కడే నిలబడి ఉంటారు.

“మీరు నమ్మరు గానీ, ఈ పువ్వుకు అన్నీ తెలుస్తాయండీ,” అన్నారు మిత్రులు గొంతు తగ్గించి. ముసురు పట్టిన రోజున అది రేకులు ముడుచుకుంటుందట, పొడిగా ఎండ కాసిన రోజున విచ్చుకుంటుందట. ఆయన ఊరికే అనడం లేదు. సాక్ష్యంగా ఒక నోటుపుస్తకం తీసి నా ముందు పెట్టారు. అందులో తేదీ, వేళ, విచ్చుకున్న తీరు, మనఃస్థితి అని నాలుగు గడులు గీసి ఉన్నాయి. ఒక పేజీలో ‘ఉదయం నుంచీ ముడుచుకునే ఉంది, రాత్రి నేను విసుక్కున్నందుకు కాబోలు’ అని ఉంది. మరొక పేజీలో ‘చుట్టాలు వచ్చారు, సిగ్గుపడింది’ అని ఉంది. మూడు రోజుల ఎడతెగని వాన తరువాతి పేజీలో ‘పూర్తిగా విచ్చుకుంది, నన్ను క్షమించినట్టుంది’ అని రాసి, దాని కింద రెండు గీతలు గీశారు. స్నానాల గది తలుపు తెరిచి ఉంచితే అలుగుతోందని నవంబరులో కనిపెట్టి, ఆ తలుపుకు కొత్త గడియ వేయించారు. డిసెంబరులో దానికి ఒక పేరు కూడా పెట్టారు గాని, ఆ పేరును ఇక్కడ రాయడానికి నా కలం ఒప్పుకోవడం లేదు.

విషయమేమిటంటే, అది కాక్టస్ పూసినది కాదు, ఎవరో దాని నెత్తిన జిగురుతో అతికించినది; ఎండుపూల అలంకరణలో వాడే స్ట్రాఫ్లవర్ అనే కాగితపు పువ్వు. దాని నిగనిగలాడే రేకులలో ప్రాణం లేని కణాలుంటాయి. గాలిలో తేమ పెరిగితే ఆ కణాలు ఒకవైపు ఎక్కువగాను మరొకవైపు తక్కువగాను ఉబ్బి రేకును లోపలికి వంచుతాయి, తేమ తగ్గితే మళ్లీ వదులుతాయి. పైన్ కాయల పొలుసులు తడికి మూసుకుని, పొడికి తెరుచుకునేదీ ఇలాగే. కోసిన తరువాత చాలాకాలం దాకా ఆ పువ్వు ఈ పని చేస్తూనే ఉంటుంది. అంటే మా మిత్రులు ఎనిమిది నెలల పాటు, రోజుకు మూడు పూటల చొప్పున, ఒక శవం అలకలను నమోదు చేశారన్న మాట. నూటయాభై పేజీల ఆ పుస్తకంలో కాక్టస్ గురించి ఒక్క వాక్యం కూడా లేకపోవడం నేను ప్రత్యేకంగా గమనించాను. చచ్చిన పువ్వు కదిలింది కనుక దానికి చరిత్ర దక్కింది, బతికిన మొక్క కదలలేదు కనుక కప్పుతో పాటు సామాను లెక్కలో పడింది.

బతికిన మొక్క అన్నాను గాని, ఆ మాట తొందరపాటు. పరిశోధకుడిగా నా విధిని నిర్వర్తిస్తూ కాక్టస్ పక్కటెముకను వేలితో మెల్లగా నొక్కాను. వేలు లోపలికి పోయింది. పువ్వు పట్టుకుని కాస్త పైకెత్తగా, పచ్చని తోలు మొత్తం మూత ఊడినట్టుగా పువ్వుతో పాటు చేతికి వచ్చింది, లోపల గోధుమరంగు గుజ్జు తప్ప మరేమీ లేదు. పైన పటారం, లోన లొటారం అన్న మాటకు ఇంతకన్న నికరమైన నమూనాను నేనింతవరకు చూడలేదు. మిత్రులు కాసేపు మౌనం వహించి, “పువ్వుకేమీ కాలేదు కదా?” అన్నారు.

మరణ కారణంపై అక్కడికక్కడే విచారణ జరిపాను. ఆ ఇంట్లో నలుగురున్నారు. నెలకొక చెంచా అన్న చీటీని నలుగురూ చదివారు, నలుగురికీ అది అమానుషంగా తోచింది. ఆయన ఉదయం ఒక చెంచా పోసేవారు, శ్రీమతి గారు ఆయన మరచిపోయి ఉంటారన్న అనుమానంతో మధ్యాహ్నం ఒక చెంచా పోసేవారు, అబ్బాయి బడి నుంచి రాగానే తాను తాగి మిగిల్చిన మంచినీళ్లు పోసేవాడు. పెద్దావిడ మాత్రం నీళ్లు పోయలేదనీ, రాత్రి పడుకునే ముందు ‘కాస్త గొంతు తడిపాననీ’ వాంగ్మూలం ఇచ్చారు. ఎవరి దయ వారికి గుప్తదానమే కనుక ఒకరి చెంచా సంగతి మరొకరికి తెలియదు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఏమీ అడగని ఈ మొక్క ఒక్కదానికి మాత్రం ఇంటిల్లిపాదీ పెట్టారు.

చీటీ రాసిన మహానుభావుడి సలహా కూడా తప్పేనని ఇక్కడ చెప్పక తప్పదు. చెంచాడు నీళ్లు పైమట్టిని తడిపి ఆరిపోతాయే గాని వేళ్లను చేరవు. ఎడారిలో వాన చెంచాలతో కురవదు. కురిస్తే కుండపోతగా కురుస్తుంది, ఆ తరువాత నెలల తరబడి మొహం చాటేస్తుంది. కాక్టస్ వేళ్లు ఆ పద్ధతికి అలవాటుపడి, వాన పడగానే సన్నని కొత్త వేళ్లను చకచకా వేసి దొరికినంత తాగి, కరువు రాగానే వాటిని వదులుకుంటాయి. కాబట్టి ఇంట్లో చేయవలసింది కూడా అదే: మట్టి అడుగుదాకా పూర్తిగా ఎండేవరకు ఆగి, అప్పుడు చిల్లులోంచి కారేటంతగా పోసి, మళ్లీ ఎండేదాకా దాని జోలికి పోకుండా ఉండాలి. చలికాలంలో ఎదుగుదల ఆగుతుంది గనుక నీళ్లు దాదాపు మానేయాలి. ముడతలు పడితే సాధారణంగా దాహమని అర్థం, నీళ్లు పోస్తే కోలుకుంటుంది. మొదలు మెత్తబడితే మాత్రం అది కుళ్లు, అప్పుడు పైన మిగిలిన గట్టి భాగాన్ని శుభ్రమైన కత్తితో కోసి, గాయం ఎండి పెచ్చు కట్టేదాకా వారం పది రోజులు నీడన ఆరబెట్టి, పొడిమట్టిలో నాటడం తప్ప వేరే దారి లేదు.

చిల్లు లేని కప్పుకు వకాల్తా పుచ్చుకునేవారు, అడుగున గులకరాళ్లు పరిచామనీ నీళ్లు వాటిలోకి దిగిపోతాయనీ వాదిస్తారు. నీళ్లకు ఆ వాదన తెలియదు. సన్నని మట్టి పూర్తిగా తడిసి ముద్దయ్యేదాకా నీరు దాన్ని వదిలి, కింద ఉన్న పెద్ద పెద్ద సందుల్లోకి దిగదు. అందువల్ల రాళ్లు పరిస్తే బురద పైకి, సరిగ్గా వేళ్ల దగ్గరికి జరుగుతుంది. గాలి ఆడని వేరు ఊపిరాడక చస్తుంది, చచ్చిన వేరులోకి బూజు ప్రవేశిస్తుంది. సగానికి సగం ముతక ఇసుకో, పెర్లైట్ అనే తేలికపాటి తెల్లని పలుకులో, ప్యూమిస్ రాయి ముక్కలో కలిపిన మట్టి, అడుగున ఒక చిల్లు ఉంటే చాలు. చిల్లు పెట్టడానికి ఖర్చేమీ కాదు. అయినా పెట్టరు, ఎందుకంటే బల్ల మీద మరక పడుతుంది. బల్ల ప్రాణం బల్లకు తీపి.

ఆ బల్ల మీద కాక్టస్ ఎందుకున్నదో కూడా అడిగాను. కంప్యూటర్ నుంచి వచ్చే రేడియేషన్‌ను పీల్చుకుంటుందట. ఏ వస్తువైనా తన వెనక ఉన్నదానికే అడ్డుపడుతుంది గాని పక్కనున్న దానికి అడ్డుపడదు. కాబట్టి ఈ సిద్ధాంతాన్ని నమ్మేవారు తెరకూ తమ ముఖానికీ మధ్య కనీసం తలకాయంత లావు కాక్టస్‌ను నిలబెట్టుకుని పని చేసుకోవాలని నా సవినయ సూచన. ఇంతకూ దానికి కావలసింది కిటికీ. రోజుకు కొన్ని గంటల నేరుటెండ పడకపోతే అది వెలుతురు వెతుక్కుంటూ, పాలిపోయి, సన్నగా సాగుతుంది. ఆ సాగిన భాగం తరువాత ఎంత ఎండలో పెట్టినా మళ్లీ లావెక్కదు. దాన్ని చూసి ‘ఎంత పొడుగెదిగిందో’ అని మురిసిపోయేవారిని నేనెరుగుదును. తప్పు తెలిసి ఒక్కసారిగా మండుటెండలో పెట్టి దాని తోలు మాడ్చేవారినీ ఎరుగుదును. ఎండ కూడా రెండు వారాల పాటు కొంచెం కొంచెంగా అలవాటు చేయాలి.

ఈ వంశపు శక్తి తెలియనివారికి ఒక చిన్న చరిత్ర. నాగజెముడును 19వ శతాబ్దంలో ఆస్ట్రేలియాలో కంచెగా నాటితే, 1920ల నాటికి అది సుమారు 2.4 కోట్ల హెక్టార్ల నేలను ఆక్రమించింది. మనుషులు నరికారు, కాల్చారు, విషం చల్లారు, చివరకు చేతులెత్తేశారు. అర్జెంటీనా నుంచి కాక్టోబ్లాస్టిస్ అనే చిమ్మట గుడ్లు తెప్పించి, 1926 నుంచి ఆ పురుగుల్ని పొలాలలో వదిలితే, వాటి గొంగళులు కొన్నేళ్లలో దాన్ని చాలామటుకు తిని పారేశాయి. ఆ పురుగుకు కృతజ్ఞతగా క్వీన్స్‌లాండ్‌లోని బూనార్గాలో 1936లో ఒక సమావేశ మందిరమే కట్టారు. ఒక ఖండం ఓడిన చోట నాలుగు చెంచాలు గెలిచాయి. వాటికి మాత్రం ఎవరూ మందిరం కట్టడం లేదు.

పువ్వును అతికించే ఆ జిగురు ఎక్కడ పెడతారో మీరెప్పుడైనా చూశారా? సరిగ్గా నడినెత్తిన పెడతారు. కాక్టస్ పెరిగేది అక్కడి నుంచే. కొత్త ముళ్లు పుట్టేదీ, కొత్త కండ తయారయ్యేదీ ఆ గుంటలోనే. వేడి జిగురు కక్కే గన్‌తో, అది పెరిగే చోట, కాగే జిగురు చుక్క వేసి, దాని మీద ఇంకొక మొక్క శవాన్ని అతికించి, అందంగా ఉందని అమ్ముతారు. అది చూసి ఎంత బాగుందోనని మనం కొంటాం. పెరికితే తోలు ఊడివస్తుంది, ఉంచితే నెత్తి మూసుకుపోతుంది. ఇదే పని ఒక కుక్కపిల్లకు చేస్తే వీధి వీధంతా వచ్చి తన్నేది. దీనికి నోరు లేదు, అరవదు, కరవదు, కనీసం ఆకు రాల్చి అయినా నిరసన చెప్పదు, ఎందుకంటే రాల్చడానికి దానికి ఆకులే లేవు, అవి ఏనాడో ముళ్లయ్యాయి. ఆ ముళ్లు కూడా ఆ గన్ పట్టిన చేతికి చాల్లేదు. సిగ్గులేదా అని అడగాలనిపిస్తుంది, అమ్మినవాణ్నీ కొన్నవాణ్నీ కలిపి.

చావని మొక్కట. 2015లో వెలువడిన ప్రపంచ పరిశీలనలో లెక్కకు తీసుకున్న దాదాపు 1,480 కాక్టస్ జాతులలో 31 శాతం అంతరించే ప్రమాదంలో ఉన్నాయని తేలింది. ఎడారి నుంచి దొంగతనంగా పెరికి అమ్మడం అందుకు ఒక కారణం. అమెరికా, మెక్సికోలలోని సొనోరన్ ఎడారిలో పెరిగే సగువారో అనే చెట్టంత కాక్టస్ తన మొదటి ఎనిమిదేళ్లలో ఒకటి, ఒకటిన్నర అంగుళాలు మాత్రమే ఎదుగుతుంది, చాలాచోట్ల మొదటి కొమ్మ వేయడానికి దానికి 50 నుంచి 75 ఏళ్లు పడుతుంది. పగలు తెరిస్తే నీరు ఆవిరవుతుందని కాక్టస్‌లు పత్రరంధ్రాలు బిగించుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి, బొగ్గుపులుసు వాయువును ఆమ్లంగా మార్చి దాచుకుని, మర్నాటి వెలుతురులో వంట వండుకుంటాయి. అంత పొదుపుగా, అంత ఓపికగా, ఎవరి దగ్గరా చేయి చాచకుండా కాపురం చేసుకునే దాన్ని పట్టుకొచ్చి, పట్టించుకోనక్కరలేదన్న ఒకే ఒక్క గుణానికి మెచ్చుకుని, దాన్ని కప్పులో ముంచి చంపి, అది చచ్చిన సంగతి కూడా కొన్ని వారాలు గుర్తించకుండా గడుపుతాం. చావు కబురు ఆలస్యంగా చెప్పే మొక్క అది, అంతే.

నిజమైన కాక్టస్ పువ్వు ముళ్లు మొలిచే దూది మెత్తలాంటి చోటు నుంచి, లేదా దాని పక్క నుంచి వస్తుంది. పట్టులాంటి రేకుల మధ్య లెక్కలేనన్ని కేసరాలుంటాయి. కొన్ని జాతులలో ఒక్క పగలో ఒక్క రాత్రో ఉండి పోతుంది. అందుకోసం చాలా రకాలకు చలికాలమంతా చల్లగా, పొడిగా విశ్రాంతి ఇవ్వాలి, అది కూడా మొక్క ఈడుకొచ్చాకనే. ఇదంతా మిత్రులకు ఓపిగ్గా వివరించాను. ఆయన శ్రద్ధగా విని, “ఒక్క రోజుకేనా?” అని పెదవి విరిచారు.

గుజ్జును పెరట్లో పాతిపెట్టారు. పువ్వును పారేయడానికి మాత్రం మనసొప్పక, పచ్చని తోలు గీకేసి, అదే కప్పులో గులకరాళ్ల పెంకు మీద నిలబెట్టారు. మొన్న ఫోను చేసి, ముసురుకు ముడుచుకుంటూనే ఉందనీ, మొక్క పోయినా అది తట్టుకుని నిలబడిందనీ సంతోషంగా చెప్పి, దీనికి నీళ్లు ఎన్ని రోజులకోసారి పోయాలో చెప్పమని అడిగారు.