కారే కారుకే క్లబ్బు

మంచి కారుకి క్లబ్బు ఉండదు. తాళం తిప్పగానే కదిలి, సర్వీసు తేదీ దాకా నోరెత్తకుండా పడుండే కారు కోసం ఆదివారం పూట నలుగురు కూడి టీ తాగిన దాఖలా ఎక్కడైనా ఉందా? నలుగురు కూడాలంటే నలుగురికీ ఒకే కష్టం ఉండాలి. ఆ కష్టాన్ని తొమ్మిది దశాబ్దాలకు పైగా కొరత లేకుండా సరఫరా చేస్తున్న ఘనత ఇంగ్లండు ఎం.జీ. స్పోర్ట్స్ కార్లది.

ఎం.జీ. కార్ క్లబ్బు 1930 అక్టోబరులో హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని ఒక పూటకూళ్ళ సత్రంలో పుట్టింది. తొలి కార్యదర్శి జాన్ థార్న్‌లీ లెక్కల పద్దులు చూసే కుర్రాడు. అతన్ని ఆబింగ్డన్‌లోని ఎం.జీ. ఫ్యాక్టరీలో ఉద్యోగంలోకి తీసుకున్నారు. 1952 నాటికి ఆ ఫ్యాక్టరీకే జనరల్ మేనేజరయ్యాడు. కొనుగోలుదారుల సంఘాన్ని కంపెనీ ఎలా చూసుకోవాలో ఇంతకంటే మంచి పాఠం మన మేనేజ్‌మెంట్ కాలేజీల్లో దొరకదు. నినాదం 'సేఫ్టీ ఫాస్ట్'. భద్రమూ ఉంది, వేగమూ ఉంది. కింద నేల పొడిగా ఉంటుందని మాత్రం ఎవరూ మాటివ్వలేదు.

ఇక ప్రాంతానికో 'సెంటరు' వెలిసింది. ఎందుకంటే బండి ఆగిపోయిన చోటికి లండన్ నుంచి సలహా రావడానికి పట్టే సమయంలో పక్క ఊరి సభ్యుడు పానా పట్టుకుని రాగలడు. ప్రాంతీయ శాఖల పుట్టుకకు ఇంతకు మించిన తాత్విక కారణం వెతకడం అనవసరం.

సంఘబలానికి పునాది రాయి యుద్ధం ముగిసిన 1945లో వచ్చిన టీసీ మోడల్. 1949 దాకా పదివేలు తయారయ్యాయి. దాని 1250 సీసీ ఇంజిన్‌లో క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) వెనక చివర రబ్బరు సీలు ఉండదు. బదులుగా షాఫ్టు మీద మర చుట్టులాంటి గాడి ఉంటుంది. షాఫ్టు తిరిగినంతసేపూ ఆ గాడి నూనెను లోపలికే తోస్తుంది. ఇంజిన్ ఆపగానే డ్యూటీ దిగిపోతుంది. అంటే పరుగెత్తేటప్పుడు శుభ్రంగా ఉండే కారు, మీ చుట్టాల వాకిట్లో ఆపగానే మొదలుపెడుతుంది. సిలిండర్లు అరిగి, ఆ షాఫ్టు తిరిగే గూడైన క్రాంక్‌కేసులో ఒత్తిడి పెరిగితే పరుగులోనూ కారుతుంది. సంస్కారవంతుడైన సభ్యుడు కారుతో పాటు ఒక అట్టముక్క తెచ్చుకుంటాడు. సంస్కారం ఇంకా ఎక్కువైనవాడు మచ్చ సైజు చూసి ఇంజిన్ ఆరోగ్యం చెబుతాడు.

అదే ఇంజిన్ బోల్టుల సంగతి వింటే చేతులెత్తి మొక్కబుద్ధవుతుంది. ఆ ఇంజిన్ల ఫ్యాక్టరీ ఒకప్పుడు కోవెంట్రీలో హాచ్‌కిస్ అనే ఫ్రెంచి కంపెనీది, యంత్రాలు మిల్లీమీటర్లలో మరలు కోసేవి. ఇంగ్లీషు మెకానిక్కుల చేతుల్లో ఉన్నవేమో అంగుళాల లెక్కన నడిచే విట్‌వర్త్ కొలతల పానాలు. రాజీ ఏమిటంటే, మర ఫ్రాన్సుది, తల ఇంగ్లండుది. 8 మి.మీ. బోల్టే కదా అని హార్డ్‌వేర్ షాపులో కొనుక్కొస్తే, దాని మరలో చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం 1.25 మి.మీ., ఇంజిన్‌ది 1 మి.మీ. రెండు చుట్లు హాయిగా ఎక్కుతుంది. మూడో చుట్టుకి ఇంజిన్ అడుగునుండే నూనె తొట్టి, అంటే అల్యూమినియం సంపులో మర ఊడొస్తుంది. తర్వాత చేసేది రెండే: కన్నం పెద్దది చేసి కొత్త మరగా తీగ చుట్ట ఇన్సర్టు దింపడం, సభ్యత్వ రుసుము కట్టడం.

కష్టం ఒకటే అయినా మతం ఒకటి కాదు. 1936లో హైడ్రాలిక్ బ్రేకులు పెడితే 'ఇది అసలు ఎం.జీ. కాదు' అన్నారు. 1955లో ఎంజీఏ ఒళ్ళు నున్నగా వస్తే మళ్ళీ అదే మాట. 1962లో ఎంజీబీకి బాడీ కింద విడిగా ఉండే చట్రం (చాసిస్) తీసేస్తే, నిన్న మొన్నటి దాకా మాట పడ్డ ఎంజీఏ వాళ్ళే గొంతు సవరించుకున్నారు. 1974లో అమెరికా నిబంధనల కోసం రబ్బరు బంపర్లు తగిలించి, కారును ఒకటిన్నర అంగుళం పైకి లేపి, ఖర్చు కలిసొస్తుందని ఓపెన్ కారు ముందు, ఒరగకుండా ఆపే యాంటీ రోల్ బార్ కడ్డీ పీకేశారు. వంపుల్లో కారు పడవలా ఒరిగింది. ఈసారి నిందకు న్యాయం ఉంది. దాంతో వడగలై తెంగలై నామాల్లా క్రోము బంపర్ వాళ్ళు, రబ్బరు బంపర్ వాళ్ళు తేలారు. క్లబ్బులో మోడల్‌కో విభాగం, వాళ్ళ భాషలో 'రిజిస్టరు', ఏర్పడింది. చాలదన్నట్టు 1973లో ఎం.జీ. ఓనర్స్ క్లబ్బు అని వేరు కుంపటి కూడా పెట్టారు.

ఎంజీబీ ఐదు లక్షలకు పైగా అమ్ముడైంది కాబట్టి కష్టాన్ని ప్రజాస్వామ్యం చేసిన కీర్తి దానిదే. గాలిలో పెట్రోలు కలపడానికి జంట ఎస్.యు. కార్బురేటర్లు. వాటి లోపలుండే పిస్టన్ దూకుడు తగ్గించే డ్యాంపర్‌లో ఎస్.ఏ.ఇ. 20 నూనె లేకపోతే యాక్సిలరేటర్ తొక్కగానే పిస్టన్ గబుక్కున లేచి, పెట్రోలు తక్కువై ఇంజిన్ తడబడుతుంది. మిశ్రమం చూడాలంటే పిస్టన్‌ను 0.8 మి.మీ. లేపాలి. వేగం పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువ, ఇంజిన్ చతికిలబడితే తక్కువ, క్షణం పెరిగి దిగితే సరి. ఒకదాన్ని సరిచేస్తే రెండోది అలుగుతుంది. ఎలక్ట్రిక్ పెట్రోలు పంపు కాంటాక్టులకు, వాడకుండా నిలబెడితే మసి పడుతుంది. ఉత్తమ వైద్యం పానా పిడితో ఒక దెబ్బ. నాగరిక ప్రపంచంలో దెబ్బకు మాట వినే ఇంధన వ్యవస్థ ఇదొక్కటే.

నవ్వులు ఆగేది సిల్స్ దగ్గర. ఓపెన్ కారుకి పైకప్పు లేదు కాబట్టి బరువంతా తలుపుల కిందుండే ఆ రెండు పెట్టెల మీదే. పైకి పెయింటు నిగనిగలాడుతున్నా, లోపలి పలకలు తుప్పుకి నామరూపాల్లేకుండా పోయి ఉంటాయి. జాకీ పెడితే కారు లేవదు, జాకీ లోపలికెళ్తుంది. టింకరింగ్ షాపుకిచ్చేటప్పుడు చెప్పాల్సింది: కారును సమంగా ఆనించి, తలుపు సందుకి అడ్డంగా ఇనుప పట్టీ వెల్డ్ చేయించి, తలుపు బిగించే ఉంచి సందు చూసుకుంటూ, ఒక్కో పక్కే కోయాలి. రెండూ ఒకేసారి కోస్తే కారు నడుము విరుగుతుంది, ఆ పైన తలుపు జన్మలో పడదు.

ఇంతటి సేవ చేసిన ఫ్యాక్టరీకి దక్కిన మర్యాద చూడండి. 1979 సెప్టెంబరులో ఆబింగ్డన్‌లో ఫ్యాక్టరీకి 50 ఏళ్ళ పండగ చేశారు. పండగ ముగిసీ ముగియగానే, సోమవారం 10వ తేదీన, మూసేస్తామని యజమాని కంపెనీ బ్రిటిష్ లేలాండ్ ప్రకటించింది. సభ్యులు లండన్ వీధుల్లో కార్ల ఊరేగింపు తీశారు. అయినా 1980 అక్టోబరులో ఉత్పత్తి ఆగింది. ఫ్యాక్టరీ పోయింది, క్లబ్బు లావెక్కింది. 1988 నుంచి పాత అచ్చులతోనే కొత్త బాడీలు కొట్టి అమ్ముతున్నారు. 1989లో జపాన్ ఓపెన్ స్పోర్ట్స్ కారు మాజ్దా ఎంఎక్స్-5 నూనె కారకుండా వచ్చి క్లబ్బుల పొట్ట కొట్టబోయింది. అదృష్టవశాత్తూ కొన్నేళ్ళకు దాని వెనక సిల్స్ తుప్పు పట్టాయి. దానికీ క్లబ్బు వర్ధిల్లుతోంది.

మన దగ్గర ఈ శాస్త్రాన్ని చట్టమే గుర్తించింది. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటిన వింటేజి బండికి కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు, నంబరు ప్లేటు మీద 'వీఏ' అక్షరాలు. రోజువారీ తిరగడానికి వీల్లేదు. ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలుకి, రిపేరుకి మాత్రం రోడ్డెక్కవచ్చు. క్లబ్బు సభ్యుడి జీవితాన్ని ఇంత క్లుప్తంగా రాసిన గుమాస్తా ఎవరో గానీ, ఆయనకు గౌరవ సభ్యత్వం బాకీ.

ఎం.జీ. గుర్తయిన ఆ ఎనిమిది మూలల బిళ్ళ ఇప్పుడు చైనా యాజమాన్యం కిందికి వెళ్ళి, 2019 నుంచి హెక్టర్ ముక్కు మీద హైదరాబాదు ట్రాఫిక్‌లోనూ కనిపిస్తోంది. 2025లో సైబర్‌స్టర్ అనే రెండు సీట్ల ఎలక్ట్రిక్ కూడా 70 లక్షలు దాటిన ధరకు మన దేశంలో దిగింది. డ్యాంపర్ నూనె లేదు, కార్బురేటర్ లేదు, కొట్టడానికి పంపు లేదు. దానికి ప్రత్యేక రిజిస్టరు ఇవ్వాలా అన్న ప్రశ్న ఏనాటికైనా వస్తే మా సిఫార్సు ఇది: దరఖాస్తుతో పాటు అట్టముక్క జతచేయాలి. ఇంజిన్ ఆయిల్ మచ్చ అడగడం అన్యాయం కాబట్టి, బ్యాటరీ చల్లబరిచే కూలెంట్ మచ్చ అయినా సరిపోతుంది.