ఎర్ర లైటంటే ఆగిందా, నడుస్తోందా?

విజయవాడ సత్యనారాయణపురంలో కొత్తగా అద్దింట్లోకి దిగాం. హాల్లో స్విచ్చు కిందకి నొక్కితే ఆన్. మన దగ్గర అంతా అంతే కదా! బెడ్‌రూమ్‌లో మాత్రం ఎవరో మహానుభావుడు బోర్డు తలకిందులుగా బిగించాడు, అక్కడ పైకి నొక్కాలి. మీటరు దగ్గర ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చు) కూడా పైకెత్తితేనే ఆన్. అమెరికాలో మా అక్కావాళ్లింట్లో గోడ స్విచ్చులన్నీ పైకేనట. వాళ్లదో లోకం, వదిలేయండి.

ఇక రంగులు! గీజర్‌కి ఎర్ర లైటు వెలిగితే నీళ్లు కాగుతున్నట్టు. టీవీకి అదే ఎర్ర లైటు వెలిగితే పడుకున్నట్టు. బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర అయితే ఆగమని (ఆగేవాడుంటే). ఆటోనగర్‌లో ఏ మిషన్ చూసినా ఆకుపచ్చ బటన్ నొక్కితే తిరుగుతుంది, ఎర్రది నొక్కితే ఆగుతుంది. సబ్‌స్టేషన్‌లో పనిచేసే మా బావేమో, "మా ప్యానెల్ మీద ఎరుపంటే బ్రేకర్, అదే లైన్ కలిపే పెద్ద స్విచ్చు, ఆన్‌లో ఉన్నట్టు, ఆకుపచ్చంటే ఆఫ్" అంటాడు. ఎవర్ని నమ్మాలి?

నిన్న రాత్రి మోటారు స్టార్టర్ మీద ఎర్ర బల్బు చూసి, ఆగిపోయిందిలే అని పడుకున్నా. తెల్లారేసరికి ట్యాంకు పొంగి మెట్ల మీద కృష్ణా పుష్కరాలు! కింద పోర్షన్ పిన్నిగారు చీపురు పట్టుకుని, "ఏం బాబూ, మోటారు కట్టెయ్యడం కూడా రాదా?" అంది.