28వ నక్షత్రం

అశ్విని నుంచి రేవతి దాకా మన నక్షత్రాలు 27. చిన్నప్పుడు అమ్మమ్మ దగ్గర వల్లెవేసిన లెక్క ఇది, ఇన్నేళ్లూ దీని మీద నాకెప్పుడూ అనుమానం రాలేదు. మొన్న ఆషాఢంలో విజయవాడలో ఒక చీరల షాపుకి వెళ్లొచ్చాక తెలిసింది, ఇంకొకటి కూడా ఉందని. ప్రకటనల్లో వేసే స్టార్ గుర్తు (*) అది, పెద్ద అంకె పక్కన, భుజం మీద పేనులాగా పట్టుకుని ఉంటుంది. అచ్చు బాగుంటే ఐదు కాళ్లో ఆరు కాళ్లో కనిపిస్తాయి, లేకపోతే ఈగ వాలిందనుకుంటాం. అభిజిత్తు అనే 28వ నక్షత్రం ముందే ఉంది కదయ్యా అని పంచాంగం తెలిసినవాళ్లు నా మీదికి రావచ్చు. ఉంది, కాదనను. ఉంది గానీ మామూలు లెక్కలో కలపరు. ఇదీ అంతే కదా, పేపర్లో ఉంటుంది, లెక్క చెప్పేటప్పుడు ఎవరూ కలపరు. కాబట్టి రెండూ ఒకటేనని నేను తేల్చేశాను.

ఆ రోజు పేపరు పేరు ఎక్కడుందో వెతుక్కోవడానికే మూడు పేజీలు తిప్పాల్సి వచ్చింది. మొదటి పేజీ మొత్తం ఒక హీరోయిన్, ఆవిడ పక్కన అరచేతంత అక్షరాలతో '1 కొంటే 3 ఉచితం', ఆ మూడు పక్కన మన నక్షత్రం. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, బేరాలుండవు, శ్రావణం సరుకు రాకముందే పాతది వదిలించుకోవాలి, అందుకే ఈ దానధర్మాలు అని మనకి తెలియనిది కాదు. తెలిసీ వెళ్తాం, అదీ మన గొప్పతనం.

మా ఆవిడ గంటంబావు చూసి 4,800 రూపాయల చీర ఒకటి తీసుకుంది. నేను భర్తల కోసం వేసిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, వాళ్లిచ్చిన మజ్జిగ రెండు గ్లాసులు తాగి, ఇక ఉచితాలు చూపించు బాబూ అన్నాను. కుర్రాడు మెట్ల కింద ఒక కుప్ప చూపించి, "అందులోంచి ఏవైనా మూడు తీసుకోండమ్మా" అన్నాడు. అందులో ఒకటి ఆసుపత్రి కర్టెన్ రంగు. ఇంకొకటి మొన్నటి ఎన్నికల్లో మిగిలిపోయిన కండువాలు కలిపి కుట్టినట్టుంది, ఏ పార్టీవో చెప్పను, గొడవలెందుకు. సరే, ఉచితమే కదా అని మూడు ఏరుకుని బిల్లు కౌంటరుకి వెళ్తే, అక్కడి అమ్మాయి కంప్యూటర్ వైపు చూసి, "బిల్లు 5,000 దాటితేనే ఆఫర్ వస్తుంది సార్" అంది.

ఇంకో రెండొందలే కదా, రెండు తువ్వాళ్లు తెచ్చాను. తువ్వాళ్లు ఆఫర్‌లో కలవవట. మా ఆవిడ లంగా తెచ్చింది. చీర కింద కట్టుకునేదే అయినా, చీర కింద లెక్కకు రాదట. చివరికి ఆ 4,800 చీర పక్కన పెట్టేసి 5,250ది తీసుకున్నాం, అది మా ఆవిడకి నచ్చలేదు, నాకు ధర నచ్చలేదు, కానీ కుప్పలోవి మూడు ఉచితంగా వచ్చాయన్న సంతోషంతో ఇంటికొచ్చాం.

"అమ్మా, ఈ 5,000 సంగతి ఎక్కడ రాశారు?" అని అడక్కుండా మాత్రం రాలేదు. ఆ అమ్మాయి పాపం మర్యాదగానే, "ప్రకటనలో స్టార్ ఉంది కదా సార్" అంది.

ఇంటికొచ్చి నాన్నగారు పంచాంగం చదువుకునే భూతద్దం తీసి ఆ పేజీ అడుగున చూశాను. మొత్తం ప్రకటన తెలుగులో ఉంది, ఆ ఒక్క వరుస మాత్రం ఇంగ్లీషులో, ఆవగింజలో సగమంత అక్షరాలతో. 5,000 దాటాలట, ఎంపిక చేసిన చీరలకేనట, స్టాకు ఉన్నంతవరకేనట, తుది నిర్ణయం యాజమాన్యానిదట. ఫోటోలు చూపించడానికి మాత్రమేనట. అంటే ఆ హీరోయిన్ కట్టిన చీర కూడా లేదన్నమాట.

ఇలాంటివాటికి చట్టం లేదనుకునేరు, బ్రహ్మాండంగా ఉంది. సీసీపీఏ అనే కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూన్‌లో తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. ఆఫర్ ఏ భాషలో చెబితే షరతు కూడా ఆ భాషలోనే చెప్పాలి, ఆఫర్‌కి ఏ అక్షరాలు వాడితే షరతుకీ అవే వాడాలి అని అందులో ఉంది. మన షాపులవాళ్లు దాన్ని కూడా ఆ ఇంగ్లీషు వరుసలాగే చదివారనుకుంటా, భూతద్దం లేకుండా.

ఈ నక్షత్రానికి ఉపనక్షత్రం ఒకటుంది, దాని పేరు 'వరకు'. 80 శాతం వరకు తగ్గింపు. తెలుగులో ఇంతకంటే నిజాయతీ గల మాట ఇంకోటి లేదు, ఎందుకంటే సున్నా కూడా 80 వరకులోనే వస్తుంది. ఆ లెక్కన నేను నెలకు కోటి రూపాయల వరకు సంపాదిస్తున్నాను.

ఫోను సంగతికి వస్తాను. మన పంచాంగంలో అధికమాసం రెండున్నర మూడేళ్లకోసారి వస్తుంది, అదీ చంద్రుడికీ సూర్యుడికీ లెక్క కుదరక. ఫోను కంపెనీలకి ఏటా వస్తుంది. 28 రోజులు నెల అంటే, ఏడాదికి 13 నెలలు, 13 రీచార్జులు, 364 రోజులు, ఆ మిగిలిన ఒక్కరోజు దేవుడికి. జీతం ఇచ్చేవాళ్లు మాత్రం 12 నెలల పంచాంగమే పాటిస్తున్నారు, ఇదేం అన్యాయం? ఫోను కంపెనీల మీద అజమాయిషీ చేసే ట్రాయ్‌వాళ్లు 2022లో కంపెనీలన్నిటికీ చెప్పారు, ప్రతి రకంలోనూ 30 రోజుల ప్లాన్ ఒక్కటైనా ఉంచాలి, ప్రతి నెలా ఒకే తేదీకి వచ్చేది ఒక్కటైనా ఉంచాలి అని. ఉంచారు. యాప్‌లో అట్టడుగుకి బొటనవేలు నొప్పెట్టేదాకా తోసుకుంటూ పోతే, ఆ చీరల కుప్పలాగా మెట్ల కింద ఉంటుంది.

అదే ఫోనులో ఒక యాప్ నెల రోజులు ఉచితం అంటే ఒప్పుకున్నాను. చేరడానికి ఒక్క నొక్కు చాలింది. నెల దాటగానే 299 ఆటోపేలో పోయాయి. మానేద్దామని వెతికితే ఆ మీట లేదు, ఉన్నది కస్టమర్ కేర్ నంబరు. తెలుగు కోసం 3 నొక్కండి అంటే 3 నొక్కాను. మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం అని 11 నిమిషాలు వినిపించాక ఒకాయన వచ్చి హిందీలో నమస్తే చెప్పాడు. నా హిందీకి తట్టుకోలేక ఆయనే తెలుగు తెలిసిన అమ్మాయికి కలిపాడు. ఆవిడ, "మీ బాధ నేను అర్థం చేసుకోగలను సార్, 48 పని గంటల్లో పరిష్కారమవుతుంది" అంది. రెండు రోజులే కదా అని పెట్టేశాను. తర్వాత కూర్చుని లెక్కేస్తే, రోజుకి 8 గంటల పని అంటే ఆరు రోజులు, మధ్యలో ఆదివారం. 48 అన్నప్పుడు దాని పక్కన నక్షత్రం ఉందని నోటితో ఎవరు చెబుతారు?

దీనికీ నియమాలున్నాయి. 2023 నవంబరు 30న అదే సీసీపీఏ డార్క్ ప్యాటర్న్స్ అని 13 రకాల మాయలు పేరు పేరునా రాసి నిషేధించింది. చేరడం తేలిక చేసి మానడం కష్టం చేయడం, అడక్కుండా బుట్టలో ఇంకేదో పెట్టడం, ధర కొంచెం కొంచెంగా విప్పడం, 'ఇంకా ఒక్కటే మిగిలింది' అని గుండెదడ పుట్టించడం, వద్దంటే సిగ్గుపడేలా చేయడం. ఆ జాబితా చదువుతుంటే నాకు యాప్‌లు గుర్తు రాలేదు, మా పేట నాయకులే ఒక్కొక్కరూ గుర్తొచ్చారు.

ఎందుకంటే రాజకీయంలో ఈ నక్షత్రానికి అచ్చ తెలుగు రూపం ఉంది. 'అర్హులైన'. ఎన్నికల ముందు మైకులో 'ప్రతి ఒక్కరికీ' అని వినిపిస్తుంది. ఫలితాలు వచ్చి, ప్రమాణ స్వీకారం అయి, మొదటి జీవో వచ్చేసరికి 'అర్హులైన ప్రతి ఒక్కరికీ' అవుతుంది. మధ్యలో జరిగింది ఒక్క మాట చేరడమే. పార్టీ ఏదైనా ఫర్వాలేదు, జెండా మారుతుంది గానీ ఆ మాట మారదు, ఈ విషయంలో మన నాయకుల మధ్య ఉన్న ఐకమత్యం అన్నదమ్ముల మధ్య కూడా ఉండదు.

మా ఇంట్లో పని చేసే ఆవిడకి ఒక పథకం డబ్బు రాలేదు. ఆంధ్రాలో పథకాలకి ఎవరు అర్హులో తేల్చే ఆరు అంచెల పరిశీలన అని ఒకటుంది, అందులో కరెంటు ఒక అంచె, నెలకు 300 యూనిట్లు దాటితే అనర్హులు. ఆవిడ ఉండేది ఒక్క గది, ఒక ఫ్యాను, ఒక బల్బు, ఆ ఫ్యాను కూడా మూడో నంబరు దాటదు. ఆఫీసుకి వెళ్లి అడిగితే తెలిసిందేమంటే, ఇంటి ఓనరు మీటరు, అంటే కింద రెండు ఏసీలూ ఫ్రిజ్జూ నడిపే మీటరు, ఈవిడ ఆధార్‌కి తగిలించి ఉంది. ఎవరు తగిలించారో ఎవరికీ తెలియదు. సరిచేయమంటే అర్జీ పెట్టుకోమన్నారు. ఓనరు సంతకం కావాలన్నారు, ఓనరేమో అమెరికాలో కొడుకు దగ్గరున్నాడు. "కంప్యూటర్‌లో నేను షావుకారినంట బాబూ" అని మా గుమ్మంలో కూర్చుని నవ్వింది. ఆవిడ నవ్వింది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

చీరల షాపు మోసం చేస్తే 1915కి ఫోన్ చేయొచ్చు, వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. మేనిఫెస్టో మోసం చేస్తే? తమిళనాడులో కలర్ టీవీలూ మిక్సీల హామీల మీద నడిచిన సుబ్రమణ్యం బాలాజీ కేసులో 2013లో సుప్రీంకోర్టు చెప్పింది, మేనిఫెస్టోలో ఇచ్చే హామీలు ఎన్నికల చట్టం ప్రకారం అవినీతి చర్య కిందికి రావని. లంగా చీర కిందికి రానట్టే. దానికి మార్గదర్శకాలు పెట్టమని ఎన్నికల సంఘానికి చెబితే వాళ్లూ పెట్టారు, హామీకి డబ్బు ఎక్కడినుంచి తెస్తారో స్థూలంగా చెప్పాలి అని. ఆ 'స్థూలంగా' అనే మాట ఎవరు వేశారో గానీ వారికి నా నమస్కారం, అంత పెద్ద సంచీ మా ఆవిడ ఆషాఢానికి కూడా తీసుకెళ్లలేదు. ఆ తీర్పును మళ్లీ చూడాలని 2022 ఆగస్టు 26న ముగ్గురు న్యాయమూర్తుల బెంచికి పంపింది మన జస్టిస్ ఎన్.వి.రమణ గారి బెంచే, ప్రధాన న్యాయమూర్తిగా ఆయనకి అదే ఆఖరి రోజు.

ఒక్క విషయంలో మాత్రం ఎన్నికల సంఘాన్ని మెచ్చుకోవాలి. 2013 నుంచి ఓటింగ్ యంత్రంలో నోటా ఉంది, ఎవరూ వద్దు అని నొక్కొచ్చు. నా ఫోనులో ఆ భాగ్యం లేదు. కొత్త వెర్షన్ వేసుకుంటారా అని అడిగి 'ఇప్పుడే', 'తర్వాత' అని రెండు మీటలు ఇస్తుంది, 'వద్దు' లేదు, అర్ధరాత్రి దానంతటదే వేసేసుకుంటుంది. కాకపోతే నోటాకి అందరికంటే ఎక్కువ ఓట్లొచ్చినా, దాని తర్వాత ఉన్న అభ్యర్థే గెలుస్తాడు. చూస్తే రెండూ ఒకే కంపెనీ చేసినట్టున్నాయి.

అందుకని ప్రభుత్వం వారికి నాదొక వినతి. ఎలాగూ హామీలు ఆపరు, నక్షత్రం ఆపలేరు, కనీసం మ్యూచువల్ ఫండ్ ప్రకటన చివర ఊపిరి తీసుకోకుండా చదివే ఆయన్ని ఒకర్ని ప్రతి బహిరంగ సభకీ నియమించండి. నాయకుడు 'ఇంటికో ఉద్యోగం' అనగానే ఆయన పక్కనుంచి అర్హులైనవారికి మాత్రమే ఖజానాలో డబ్బు ఉన్నంతవరకే ఫోటోలో చూపిన ఇల్లు ఉద్యోగం రెండూ చూపించడానికి మాత్రమే తుది నిర్ణయం అధిష్ఠానానిదే అని గబగబా చదివేస్తాడు. ఆయనకైనా ఒక ఉద్యోగం దొరుకుతుంది.

ఇది రాస్తుంటే నాన్నగారు వచ్చి, "ఒరే, నా భూతద్దం ఎక్కడ పెట్టావురా?" అన్నారు. ఏకాదశి ఎప్పుడో చూసుకోవాలట. ఇద్దామని లేచేలోపు వంటింట్లోంచి మా ఆవిడ కేక, "ఏమండీ, శ్రావణం ఆఫర్ వచ్చింది పేపర్లో, ఈసారి 1 కొంటే 4. సాయంత్రం వెళ్దాం, ఆ భూతద్దం కూడా సంచీలో వేయండి."